బ్రౌన్ గారి నిఘంటువా, పండితుల నిఘంటువా?



వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసివ్వమని వార్డెన్ గారు అడిగారు. ఎవరి గురించి రాయాలా అని మేము నలుగురం వాడరేవు ఒడ్డున కూర్చుని చాలాసేపు ఆలోచించాం. అంబేద్కర్ గారి గురించి, జాషువా గారి గురించి ఇదివరకటి సంచికల్లో మాకంటే బాగా రాసినవాళ్ళు ఉన్నారు. తిరిగి హాస్టల్‌కు వస్తుంటే గేటు మీద కొత్తగా రంగులు వేసిన ఇంగ్లీషు బోర్డు కనిపించింది. మేము వెతుకుతున్న మనిషి అక్కడే దొరికాడు.

ఆ బోర్డు మీద బాయ్స్ హాస్టల్ అని ఉంది. పెయింటర్ గారు అక్షరాలు ముత్యాల్లా రాశారు. కానీ బాయ్ అనే మాట రాసి, దాని నెత్తిన కామా లాంటి గుర్తు పెట్టి, ఆ తరువాత ఎస్ రాశారు. ఆ గుర్తును అపాస్ట్రఫీ అంటారని ఇంగ్లీషు క్లాసులో మీరంతా విన్నదే. అది ఎస్‌కు ముందు పడితే అర్థం ఒక్క కుర్రవాడి హాస్టల్ అని. ఎస్ తరువాత పడితే కుర్రవాళ్ళ హాస్టల్. ఇంతమందిమి వరండాల్లో చాపలు పరుచుకుని పడుకున్న ఈ హాస్టల్ ఏ ఒక్కడిదో అయిపోయింది! ఆ అదృష్టవంతుడు ఎవరా అని నవ్వుకున్నాం.

నవ్వుకున్నాం గానీ ఆ గుర్తుతో మాకు పాత లెక్క ఒకటి ఉంది. మాలో ఒకడు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మిరప కోతలకు ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. అమ్మ ఒక్కతే కోతకు వెళుతోంది, ఇంకో రెండు చేతులు తోడైతే రెండో కూలి వస్తుంది. రెండు రోజుల సెలవు కావాలని ఇంగ్లీషులో లీవ్ లెటర్ రాశాడు. డేస్ అన్న మాటలో గుర్తు లేదని లెటర్ వెనక్కి వచ్చింది. మళ్ళీ రాశాడు, ఈసారి గుర్తు ఎస్‌కు ముందు పెట్టాడు. మళ్ళీ వచ్చింది. మూడోసారి సరిగ్గా రాసేటప్పటికి మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోయింది, ఆ రోజు కూలీ పోయింది. తప్పు దిద్దిన మాస్టారు చెడ్డవారేమీ కాదు. ఆ గుర్తు ఎందుకు, ఎక్కడ పెట్టాలో అప్పటికి మాకెవరూ అర్థమయ్యేలా చెప్పలేదు, అంతే.

మనం తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు పడిన ఈ తిప్పలే, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వస్తూ ఒక దొర పడ్డాడు. పడి ఊరుకోలేదు, వ్యాకరణం రాశాడు, నిఘంటువు రాశాడు. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. మన పాత గుంటూరు జిల్లాలో ఒక భయంకరమైన కాలంలో ఉద్యోగం చేసిన మనిషి కూడా.

బ్రౌన్ గారు 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. ఆ ఇంట్లో పిల్లలకు చిన్నప్పటి నుంచి అనేక భాషలు చెవిన పడ్డాయి. 1812లో తండ్రి చనిపోవడంతో కుటుంబం ఇంగ్లండు చేరింది. అక్కడ హెయిలీబరీలో కంపెనీ ఉద్యోగానికి కావలసిన చదువు చదివి, 1817 ఆగస్టులో మద్రాసులో దిగారు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. తెలుగు అక్షరం ముక్క రాదు.

సెయింట్ జార్జి కోటలోని కాలేజీలో కొత్తగా వచ్చిన దొరలకు దేశ భాషలు నేర్పేవారు. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర బ్రౌన్ తెలుగు మొదలుపెట్టారు. ఇంగ్లీషులో రాసిన తెలుగు వ్యాకరణాలు అప్పటికి లేకపోలేదు. కేరీ దొర 1814లో ఒకటి, కాంప్‌బెల్ దొర 1816లో ఒకటి అచ్చు వేయించారు. అయితే పుస్తకంలోని తెలుగు వేరు, కచేరీకి వచ్చిన రైతు నోట్లోని తెలుగు వేరు. 1820లో కడప వెళ్ళి హాన్‌బరీ అనే కలెక్టరు దగ్గర సహాయకుడిగా చేరాక ఆయనకు ఆ తేడా తెలిసింది. హాన్‌బరీ కచేరీ వ్యవహారమంతా తెలుగులోనే నడిపేవాడు. అక్కడ తెలుగు నేర్చుకోక తప్పలేదు, నేర్చుకున్నాక వదలబుద్ధి కాలేదు.

ఇక్కడ కథను కాసేపు ఆపి, ఇంగ్లీషువాడికి మన భాషలో ఏది వింతగా తోస్తుందో చూద్దాం. చీరాల నేతగాళ్ళ ఇళ్ళలో మగ్గాలున్నాయి అన్న వాక్యం తీసుకోండి. ఇంగ్లీషులో దీన్ని చెప్పాలంటే ముందు లో అనే మాట రావాలి, అంటే ఇన్. ఆ తరువాత నేతగాళ్ళు, ఆ తరువాత ఇళ్ళు. ఇన్ ది వీవర్స్ హౌసెస్. ఇన్ అనే మాట వీవర్స్ పక్కనే నిలబడింది గానీ దాని సంబంధం వీవర్స్‌తో కాదు, చివర ఉన్న హౌసెస్‌తో. మగ్గాలు ఉన్నది ఇళ్ళలో, నేతగాళ్ళలో కాదు. మధ్యలో ఉన్న నేతగాళ్ళు ఆ ఇళ్ళు ఎవరివో చెప్పడానికి వచ్చినవాళ్ళు మాత్రమే. ఆ సంగతి తెలియడానికే వీవర్స్ చివర, ఎస్ తరువాత, గుర్తు.

మన తెలుగులో వరస తలకిందులు. ముందు నేతగాళ్ళ, తరువాత ఇళ్ళ, చిట్టచివర లో. లో ఎవరికి చెందిందో అనుమానమే రాదు, ఎందుకంటే అది తనకు కావలసిన మాటకే అతుక్కుంటుంది. కానీ ఒక తమాషా చూడండి. నేతగాళ్ళు అన్నది నేతగాళ్ళ అయింది. ఇళ్ళు అన్నది కూడా లో చేరేముందు ఇళ్ళ అయింది. రెండు చోట్లా చివర ఉన్న ఉకారం పోయి అకారం మిగిలింది. ఎవరివి అని చెప్పాలన్నా, లో, కు, తో, మీద లాంటివి తగిలించాలన్నా తెలుగుకు ఒకే రూపం చాలు. ఇంగ్లీషుకు అలా చాలదు. ఎవరివి అని చెప్పే మాటకు మాత్రం గుర్తు కావాలి, ఇన్ తగులుకున్న హౌసెస్‌కు ఏ గుర్తూ అక్కరలేదు. మన పిల్లలు ప్రిపొజిషన్ కనిపించిన ప్రతి చోటా గుర్తు పెట్టడమో, అసలు ఎక్కడా పెట్టకపోవడమో చేసేది ఇందువల్లేనని మేము అనుకుంటున్నాం.

ఇంకొక తేడా చెవికీ కంటికీ సంబంధించినది. రోజు, రోజులు, రోజుల అని పలికి చూడండి. మూడూ మూడు రకాలుగా వినిపిస్తాయి. ఇంగ్లీషులో ఒక రోజుదైన డేస్, చాలా రోజులు అనే డేస్, చాలా రోజులదైన డేస్, ఈ మూడూ నోటితో పలికితే ఒక్కటే. కంటితో చూస్తే తప్ప తేడా తెలియదు. పుస్తకాలు తక్కువగా, చెవులతోనే ఎక్కువగా ఇంగ్లీషు నేర్చుకున్న మనలాంటివాళ్ళకు ఆ గుర్తు జారిపోయిందంటే అది బుద్ధి తక్కువతనం కాదు. అసలు ఇంగ్లీషువాళ్ళే ఎస్ తరువాత గుర్తు పెట్టాలా వద్దా అని 18వ శతాబ్దమంతా తగువులాడుకున్నారు. బ్రౌన్ బడికి వెళ్ళే రోజులకు గాని ఆ పద్ధతి కుదుటపడలేదు.

తెలుగు నేర్చుకునే దొరకు కష్టం బహువచనంలో కాదు, ఏకవచనంలో ఉంటుంది. తమ్ముడు తమ్ముని అవుతుంది, గుర్రము గుర్రపు అవుతుంది, ఇల్లు ఇంటి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది, వేమన అంటే ఏమీ కాకుండా వేమనగానే ఉంటుంది. కానీ బహువచనంలోకి రాగానే తమ్ముళ్ళ, గుర్రాల, ఇళ్ళ, ఊళ్ళ, అంతా ఒకే దారి. మనకు ఇంగ్లీషులో కూడా దాదాపు అదే సుఖం ఉంది. ఎస్‌తో ముగిసే బహువచనం ఏదైనా చివర గుర్తు పెడితే సరి. మెన్, విమెన్, చిల్డ్రన్ అనే మొండివాళ్ళు కొందరున్నారు, బహువచనంలో ఎస్ లేదు కనుక వాళ్ళకు గుర్తు పెట్టి ఎస్ కొత్తగా చేర్చాలి. వాడరేవు జాలరుల పడవల మీద అని రాయాలంటే ఫిషర్‌మెన్ తరువాత గుర్తు, ఆ తరువాత ఎస్. సర్వనామాలకు మాత్రం రెండు భాషల్లోనూ ఈ గొడవ లేదు. మేము అన్నది మా అవుతుంది, మనం అన్నది మన అవుతుంది, ఇంగ్లీషులో రెండింటికీ అవర్ ఒక్కటే, గుర్తు లేదు. వినేవాడిని కలుపుకునే మన, వినేవాడిని బయట నిలబెట్టే మా అనే భేదం మాత్రం ఇంగ్లీషువాడికి చచ్చినా పట్టుబడదు. ఆ విషయంలో మనదే పైచేయి.

సరే, కథలోకి వద్దాం. కడప నుంచి బ్రౌన్ మచిలీపట్నం వచ్చారు. అక్కడ వఠ్యం అద్వైతబ్రహ్మయ్య గారు, తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి గారు ఆయనకు ఛందస్సు, కావ్యాలు చెప్పారు. ఫ్రెంచి మతబోధకుడు దుబాయ్ రాసిన పుస్తకంలో వేమన పేరు చూసి, 1824లో బ్రౌన్ వేమన పద్యాల కోసం వెతకడం మొదలుపెట్టారు. అప్పటి పండితులు చాలామంది వేమనను కవిగా లెక్కపెట్టేవారు కాదు. కులం గురించి నిక్కచ్చిగా మాట్లాడిన వేమన మాటలు కూలివాళ్ళ నోట్లో, కాపువాళ్ళ నోట్లో, బైరాగుల నోట్లో బతుకుతున్నాయి. తాటాకు ప్రతులు ఎక్కడ దొరికితే అక్కడి నుంచి తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి, ఇంగ్లీషు అనువాదంతో 693 పద్యాలను 1829లో మద్రాసులో అచ్చు వేయించారు. పదేళ్ళ తరువాత 1839లో వచ్చిన రెండో కూర్పులో పద్యాలు 1,164 అయ్యాయి. ఈ రోజు మన ప్రార్థన గంటలో పిల్లలు వేమన పద్యం చెబుతున్నారంటే ఆ దారిలో బ్రౌన్ అడుగు ఒకటి ఉంది.

కడపలోనూ మచిలీపట్నంలోనూ ఆయన ఉచిత పాఠశాలలు పెట్టారు. కడపలో పెద్ద బంగళా కొని పండితులను అందులో కూర్చోబెట్టారు. ఒకరు చదువుతుంటే ఒకరు రాయడం, రాసినదాన్ని ఇంకొక ప్రతితో సరిచూడటం, తప్పులు దిద్దడం. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవారు. జీతాలు ఆయన సొంత డబ్బు. సొంత డబ్బు చాలకపోతే అప్పు. అప్పులు చాలా దూరం ఆయన వెంట వచ్చాయి. జూలూరి అప్పయ్య గారి వంటి పండితులు ఏళ్ళ తరబడి ఆయనతో ఉండి ఎన్నో కావ్యాలకు శుద్ధప్రతులు తయారుచేశారు, వ్యాఖ్యానాలు రాశారు.

ఇప్పుడు మన ప్రాంతానికి వస్తున్నాం. 1832లో బ్రౌన్ గుంటూరు చేరారు. ఆ ఏడు నందన. వానలు లేవు. ఈ నల్లరేగడి నేలకు అప్పటికి కాలువ నీళ్ళు తెలియవు, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది 1855లో. ఆ రెండేళ్ళ కరువును మన పెద్దలు డొక్కల కరువు అన్నారు. చనిపోయినవాళ్ళను పూడ్చే దిక్కులేక దారుల వెంట ఎముకలు పడి ఉండేవట. జిల్లా జనం ఐదు లక్షలైతే అందులో రెండు లక్షల వరకు పోయారని లెక్కలు చెబుతున్నాయి. ఇవి చదివినప్పుడు మా తాతల తాతల్లో ఎవరు మిగిలారో, ఎలా మిగిలారో అనిపించింది. కూలి మీద బతికే ఇళ్ళే ముందు ఖాళీ అయి ఉంటాయి కదా.

ఆ సమయంలో పైఅధికారులకు స్కేర్సిటీ అనే మాట ఇష్టం. అంటే కొరత. కొరత అంటే బియ్యం కాస్త తక్కువగా ఉన్నాయని. బ్రౌన్ తన రాతల్లో ఫెమిన్ అని రాశారు. అంటే కరువు. పైవాళ్ళకు నచ్చకపోయినా ఆయన ఆ మాటే వాడారు. పదివేల మాటలకు అర్థాలు వెతుకుతున్న మనిషికి ఏ మాటకు ఎంత బరువో తెలియకుండా ఉండదు. కరువును కొరత అని రాస్తే గంజి కేంద్రం కూడా ఆలస్యమవుతుంది. మేము బ్రౌన్ గారి జీవితంలో అన్నిటికంటే ఎక్కువగా గౌరవించేది ఆ ఒక్క మాటను. నిఘంటువు కూడా దాని తరువాతే.

1834లో ఆయన ఉద్యోగం పోయింది. ఇంగ్లండు వెళ్ళారు. అక్కడా ఖాళీగా కూర్చోలేదు. లండన్‌లోని ఇండియా హౌస్ గ్రంథాలయంలో ఎవరూ ముట్టుకోకుండా పడి ఉన్న దక్షిణాది భాషల రాతప్రతులను బయటికి తీయించి, మద్రాసుకు తిరిగి వచ్చేలా చేశారు. తరువాత మళ్ళీ మద్రాసులో పర్షియన్ అనువాదకుడిగా, అటుపై పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా పనిచేశారు. తెలుగు వ్యాకరణం 1840లో వచ్చింది. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది, వెయ్యి పేజీలు దాటిన పుస్తకం. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు, కచేరీల్లో వాడే ఉర్దూ, పర్షియన్, ఇంగ్లీషు మాటలకు మిశ్రభాషా నిఘంటువు కూడా ఆ రెండు మూడేళ్ళలోనే వచ్చాయి. కావ్యాల్లోని మాటలతో పాటు సంతలో, పొలంలో, వంటింట్లో వాడే మాటలను కూడా ఆయన నిఘంటువులోకి తెచ్చారు. వాడుక మాటకు నిఘంటువులో చోటేమిటని ముక్కు విరిచిన పండితులూ ఉన్నారు.

మన హాస్టల్ బీరువాలో ఆ నిఘంటువు పునర్ముద్రణ ప్రతి ఒకటి ఉంది, అట్ట ఊడిపోయింది గానీ కాగితాలు బాగానే ఉన్నాయి. మొదటి ముద్రణ జరిగింది మద్రాసు క్రిస్టియన్ నాలెడ్జ్ సొసైటీ అచ్చుకూటంలో. ఇంగ్లీషులో ఎట్ ది సొసైటీస్ ప్రెస్ అని రాయాలి. సొసైటీ ఒక్కటే కనుక ఇక్కడ గుర్తు ఎస్‌కు ముందు రావాలి. మన పెయింటర్ గారు రాసినట్టు! ఎట్ అనేది సొసైటీ పక్కన నిలబడినా దాని పని ప్రెస్‌తో. లీవ్ లెటర్‌కూ ఈ అచ్చుకూటం పేరుకూ సూత్రం ఒక్కటే. ఎవరిది అన్న మాటలో ఒకరున్నారా, పలువురున్నారా అని ముందు అడగాలి. వెనక వచ్చే వస్తువు ఒకటా రెండా అన్నదానితో పని లేదు. హాస్టల్ ఒకటే, కుర్రవాళ్ళు పలువురు. సెలవు ఒకటే, రోజులు రెండు.

ఈ ప్రశ్ననే నిఘంటువును పట్టుకుని అడిగితే మాకు చిక్కు వచ్చింది. లోకమంతా దాన్ని బ్రౌన్ నిఘంటువు అంటుంది. ఇంగ్లీషులో గుర్తు ఎస్‌కు ముందు పడుతుంది, ఎందుకంటే బ్రౌన్ ఒక్కడు. కానీ తాటాకులు విప్పినవాళ్ళు, మాటలు ఏరినవాళ్ళు, ఒక్కొక్క పద్యం పది ప్రతుల్లో సరిచూసినవాళ్ళు పలువురు. వాళ్ళలో నలుగురైదుగురి పేర్లు మనకు తెలుసు. మిగతావాళ్ళు బ్రౌన్ గారి పండితులు అన్న మాటలో కలిసిపోయారు. ఇక ఆ పండితులకు మాట అందించిన రైతులు, నేతగాళ్ళు, చాకళ్ళు, మాదిగలు, జాలరులు ఏ జాబితాలోనూ లేరు. మాలో ఇద్దరు ఇది పండితుల నిఘంటువు, ప్రజల నిఘంటువు అన్నారు. ఇంకొకడు ఒప్పుకోలేదు. పూనిక ఒక్కడిదే, అప్పు ఒక్కడిదే, ఆయన లేకపోతే ఆ పండితులను ఒక్కచోట కూర్చోబెట్టేవాడే లేడు, కనుక బ్రౌన్ నిఘంటువు అనడమే న్యాయం అన్నాడు. ఆ రాత్రి భోజనాల గంట కొట్టేవరకు వాదించుకున్నాం, తేలలేదు. తమ్ముళ్ళు మీరూ వాదించుకోండి. బ్రౌన్ గారు మాత్రం తన సాహిత్య జీవితం గురించి తానే ఒక చిన్న పుస్తకం రాసుకున్నారు, అది 1866లో అచ్చయింది.

1855లో ఆయన ఆరోగ్యం బాగోక మన దేశం వదిలి లండన్ చేరారు. ఉద్యోగ విరమణ చేసినా తెలుగు వదల్లేదు. 1865లో లండన్ యూనివర్సిటీలో తెలుగు ఆచార్యుడిగా ఉన్నారు. పోగుచేసిన రెండు వేలకు పైగా తెలుగు, సంస్కృత రాతప్రతులను అంతకుముందే మద్రాసులో అప్పగించేశారు. అవి తరువాత అక్కడి ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. 1884 డిసెంబరు 12న లండన్‌లో కన్నుమూశారు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. కడపలో ఆయన బంగళా శిథిలమైపోతే, ఆ స్థలంలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి వంటివారు ఊరూరా చందాలు అడిగి ఆయన పేర గ్రంథాలయం కట్టించారు. అది ఇప్పుడు భాషా పరిశోధన కేంద్రం. మాలో ఒకడు డిగ్రీలో ఉండగా కడప వెళ్ళినప్పుడు చూసి వచ్చాడు.

ఇది రాయడం పూర్తయ్యాక గేటు బోర్డు సంగతి వార్డెన్ గారితో చెప్పాం. ఆయన నవ్వి, వేసవి సెలవుల తరువాత మళ్ళీ రంగులు వేయిస్తున్నామనీ, అప్పుడు పదో తరగతి తమ్ముళ్ళు ఇద్దరిని పెయింటర్ గారి నిచ్చెన పక్కన నిలబెడతామనీ అన్నారు. లీవ్ లెటర్ రాసిన మావాడు తాను కూడా వస్తానన్నాడు. ఆ రోజు తన కూలి పోయినా ఫరవాలేదట.